ఎల్ వై కనబడగానే గీత గీసేయకూడదు

గోదావరి డెల్టాలో తెలుగు మీడియం బడుల్లో చదువుకున్న పాతతరం వాళ్ళకి ఇంగ్లీషు గ్రామర్ అనగానే పార్సింగ్ గుర్తొస్తుంది. బల్ల మీద ఒక వాక్యం రాసి, దాని కింద నిలువు గీతలు కొట్టి, ఒక్కో మాటనీ గడుల్లో పెట్టించేవారు. మాట ఏది, అది ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్, అందులో ఏ రకం, వాక్యంలో దేన్ని విశేషిస్తోంది. నౌన్లూ వెర్బులూ చకచకా నిండిపోయేవి. ఆడ్‌వెర్బ్, అంటే క్రియావిశేషణం, వచ్చేసరికి ఆ చివరి గడి దగ్గర సుద్దముక్క ఆగిపోయేది. పేరు పెట్టడం ఎవరికైనా వచ్చు, అది దేని కోసం పని చేస్తోందో చెప్పగలిగితేనే ఆడ్‌వెర్బ్ వచ్చినట్టు. ఇప్పటి పిల్లలకి ఆ పట్టిక లేదు, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టడమే. ఆ పాత పద్ధతిలో ఉన్న బలం పోకూడదన్న ఆశతో, దాని వివరాలన్నీ ఇక్కడ గుర్తు చేసుకుంటున్నాం.

దొండాకు పసరూ బొగ్గూ కలిపి నలుపెక్కించిన బల్లలవి. ఆరో తరగతిలో ఎ బి సి డిలు మొదలుపెట్టి, పదో తరగతికల్లా పాసివ్ వాయిస్ దాకా లాక్కురావాలి. అంత తక్కువ వ్యవధిలో మాస్టార్లకి చేతికందిన వనరు ఊరే. వాక్యాలన్నీ రేవులోంచి, చేలోంచి, లాకుల దగ్గరనుంచి వచ్చేవి. పంటు, లాంచీ, కొబ్బరి దింపు, దాళ్వా ఊడుపులు, రైసుమిల్లు. పాఠ్యపుస్తకంలో మంచు కురిసే ఊళ్ళున్నా, బల్ల మీద మాత్రం గోదారే పారేది.

‘ది ఓల్డ్ ఫెర్రీ ఆల్వేస్ క్రాసెస్ ది రివర్ వెరీ స్లోలీ.’ ఇలాంటి వాక్యం ఇచ్చి మొదట చేయించే పని క్రియ వెతకడం. ఇక్కడ ‘క్రాసెస్’. దాని కింద రెండు గీతలు. ఆ తర్వాత ఆ క్రియను వరసగా ప్రశ్నలడగాలి. ఎవరు దాటుతుంది? ఫెర్రీ. దేన్ని దాటుతుంది? రివర్. ఎవరు, దేన్ని అన్న ప్రశ్నలకి జవాబుగా వచ్చినవి సబ్జెక్టు, ఆబ్జెక్టు. వాటిని పక్కన పెట్టేయాలి. ఇప్పుడు అసలు ప్రశ్నలు. ఎలా? స్లోలీ. ఎప్పుడెప్పుడు? ఆల్వేస్. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని కూడా అడగాలి. జవాబు లేకపోతే ముందుకి పోవాలి. మిగిలినవి ‘ఓల్డ్’, ‘వెరీ’. ‘ఓల్డ్’ ఏది అంటే ఫెర్రీ, అది నౌను కాబట్టి ‘ఓల్డ్’ అడ్జెక్టివ్. ‘వెరీ’ని ఫెర్రీ పక్కన పెట్టినా అతకదు, క్రాసెస్ పక్కన పెట్టినా అతకదు. ఎంత స్లోలీ అంటే వెరీ స్లోలీ. ఒక ఆడ్‌వెర్బ్‌ని విశేషించేది కూడా ఆడ్‌వెర్బే.

ఆడ్‌వెర్బ్‌కి నాలుగు చోట్ల పనుంటుంది. క్రియ దగ్గర: ‘ది బోట్ మూవ్డ్ స్లోలీ.’ అడ్జెక్టివ్ దగ్గర: ‘ది రివర్ ఈజ్ వెరీ వైడ్.’ మరో ఆడ్‌వెర్బ్ దగ్గర: పైన చూసిన ‘వెరీ స్లోలీ’. మొత్తం వాక్యం మీద: ‘ఫార్చునేట్లీ, ది బండ్ డిడ్ నాట్ బ్రేక్.’ గట్టు తెగకపోవడమనే సంగతంతా అదృష్టమే అంటోంది ఆ మాట, ‘బ్రేక్’ అన్న క్రియ ఒక్కదాని గురించే కాదు. అందుకే దాని తర్వాత కామా. ఆ వాక్యంలోనే ఇంకో ఆడ్‌వెర్బ్ ఉంది, చాలామంది కంటికి ఆనదు. ‘నాట్’. ‘డోంట్’, ‘కాంట్’ల్లో నక్కి కూర్చున్నా అది ఆడ్‌వెర్బే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఇన్ ది మార్నింగ్’, ‘బై లాంచ్’, ‘ఎట్ ది జెట్టీ’ కూడా ఎప్పుడు, ఎలా, ఎక్కడ అన్న ప్రశ్నలకి జవాబులే. చేసే పని ఆడ్‌వెర్బ్‌దే కాని, అవి ఆడ్‌వెర్బ్ ఫ్రేజులు. ప్రశ్నపత్రం ఆడ్‌వెర్బ్ కింద గీత గీయమంటే ఒంటిమాట కిందే గీయాలి.

ఎల్ వై సంగతికి వద్దాం. పిల్లలు తమంతట తాము కనిపెట్టుకునే సూత్రం ఇది, మాట చివర ఎల్ వై ఉంటే ఆడ్‌వెర్బ్ అని. ఎక్కువసార్లు నిజమే అవుతుంది, అదే దీంతో ప్రమాదం. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘లోన్లీ’, ‘అగ్లీ’, ‘సిల్లీ’, ‘కౌవర్డ్లీ’ (పిరికి) అన్నీ అడ్జెక్టివులు. ‘ఫ్యామిలీ’, ‘జులై’, ‘ఇటలీ’ నౌన్లు. ‘రిప్లై’, ‘సప్లై’ నౌన్లూ అవుతాయి, వెర్బులూ అవుతాయి. ‘ఎర్లీ’, ‘డెయిలీ’, ‘వీక్లీ’ రెండు వైపులా ఉంటాయి. ‘ఎ డెయిలీ పేపర్’లో అడ్జెక్టివ్, ‘ది పేపర్ కమ్స్ డెయిలీ’లో ఆడ్‌వెర్బ్. కొంచెం తెలివైన పరీక్ష ఒకటుంది. ఎల్ వై తీసేస్తే మిగిలేది నౌన్ అయితే, ఆ మాట చాలాసార్లు అడ్జెక్టివ్ అవుతుంది. ఫ్రెండ్, లవ్, కౌవర్డ్ నౌన్లు. మిగిలేది అడ్జెక్టివ్ అయితే ఆడ్‌వెర్బ్ అవుతుంది. స్లో, క్విక్, బ్రేవ్ అడ్జెక్టివులు. స్నేహంగా మాట్లాడాడు అనాలంటే ‘ఫ్రెండ్లిలీ’ అని సాగదీయకుండా ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ మేనర్’ అని రాయించేవారు.

రెండో వైపు చూస్తే ఎల్ వై లేకుండానే బతికే ఆడ్‌వెర్బులు బోలెడు. నౌ, దెన్, హియర్, దేర్, సూన్, టుడే, ఆఫెన్, నెవర్, టూ, క్వైట్, ఆల్మోస్ట్, వెల్. నిజానికి రోజూ నోట్లో ఎక్కువగా ఆడేవి ఇవే. ‘ఫాస్ట్’కి రూపం మారదు. ‘ఎ ఫాస్ట్ ట్రైన్’లో అడ్జెక్టివ్, ‘ది ట్రైన్ రన్స్ ఫాస్ట్’లో ఆడ్‌వెర్బ్, ‘ఫాస్ట్లీ’ అన్న మాటే ఇంగ్లీషులో లేదు. కొన్నింటికి మాత్రం ఎల్ వై తగిలిస్తే అర్థమే మారిపోతుంది. ‘హీ వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడు. ‘హీ హార్డ్లీ వర్క్స్’ అంటే అసలు పని చేయడనే లెక్క. ‘లేట్’ ఆలస్యంగా, ‘లేట్లీ’ ఈమధ్య. ‘నియర్’ దగ్గర, ‘నియర్లీ’ దాదాపు. 1986 ఆగస్టు వరద గురించి రాసేటప్పుడు ‘ది వాటర్ రోజ్ హై’ అనాలి, ‘హైలీ’ అనకూడదు. నీళ్ళు ఎంత ఎత్తుకి లేచాయో చెప్పాలి మరి. ‘హైలీ’ అంటే మిక్కిలి అని, ‘హైలీ ఎడ్యుకేటెడ్’లో లాగ. ఈ జంటలను ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాయించి నేర్పాలి. అర్థాల పట్టిక కంఠతా పట్టిస్తే పరీక్ష హాల్లో రెండూ కలిసిపోతాయి.

స్పెల్లింగుకి ఉత్తరాలు సాక్ష్యం. ఆడ్‌వెర్బ్ అంటే ఏమిటో తెలియకముందే లీవు లెటర్ చివర ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అని రాసిన తరం అది. ‘ఐ రిమైన్’ అన్న మాట ముందుండే పాత ఉత్తరాల మర్యాదకి మిగిలిన తోక అది. ‘సిన్సియర్లీ’లో ఎల్‌కి ముందు ఇ నిలుస్తుంది, ‘ట్రూలీ’లో పోతుంది. ‘ఫెయిత్‌ఫుల్లీ’లో రెండు ఎల్‌లు ఉండాలి, ఎందుకంటే ‘ఫెయిత్‌ఫుల్’ చివర ఒకటుంది, ‘లీ’తో ఇంకోటి వచ్చింది. ‘జెంటిల్’ లాగ ఎల్ ఇ తో ముగిసేవాటికి ఇ తీసి వై పెడితే చాలు. ‘హ్యాపీ’, ‘ఈజీ’ల్లో వై పోయి ఐ వచ్చి, దానికి ఎల్ వై తగులుతుంది. ఐ సి తో ముగిసేవాటికి ఎ ఎల్ ఎల్ వై తగిలించాలి, బేసిక్ నుంచి ‘బేసికల్లీ’. ‘పబ్లిక్లీ’ ఒక్కటీ ఆ వరసలో చేరదు.

ఇక తెలుగు పిల్లలకి ఉన్న అసలైన ఆసరా, అసలైన ఉచ్చు కూడా, ‘గా’. నెమ్మదిగా, వేగంగా, గట్టిగా, చక్కగా. తెలుగులో ‘గా’ ఉంటే ఇంగ్లీషులో ఎల్ వై అని చెప్పేస్తే సగం పాఠం అయిపోతుంది. ‘అందంగా రాసింది’ అంటే ‘షి రోట్ బ్యూటిఫుల్లీ’. ‘అందంగా ఉంది’ అన్నప్పుడే పిల్లలు ‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’ అని రాసేది. ‘గా’ తర్వాత ‘ఉంది’, ‘ఉన్నాడు’, ‘ఉన్నాయి’ వస్తే ఇంగ్లీషులో అడ్జెక్టివే కావాలి. ‘షి ఈజ్ బ్యూటిఫుల్’. ‘నీళ్ళు చల్లగా ఉన్నాయి’, ‘ది వాటర్ ఈజ్ కోల్డ్’. ‘గా’ తర్వాత చేసే పని వస్తేనే ఆడ్‌వెర్బ్. ఈ ఒక్క తేడా ఆరో తరగతిలోనే నాటుకుంటే పదో తరగతి దాకా కాపాడుతుంది. దీన్ని మొదటి పాఠంగా పెట్టిన మాస్టార్లు పిల్లలకి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

అంతటితో ఆగదు. ‘పులస పులుసు రుచిగా ఉంది’ని ‘టేస్ట్స్ గుడ్’ అంటాం. ‘టేస్ట్స్’ చూడ్డానికి మామూలు క్రియలాగే ఉంది, మరి ‘వెల్’ ఎందుకు రాలేదు? లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్, సీమ్, బికమ్, టర్న్ లాంటి క్రియలు చాలాసార్లు ‘ఈజ్’ చేసే పనే చేస్తాయి. పరీక్ష సులువు. ఆ క్రియ తీసి ‘ఈజ్’ లేదా ‘వాజ్’ పెట్టి చూడండి. ‘షి లుక్డ్ హ్యాపీ’ని ‘షి వాజ్ హ్యాపీ’ అనొచ్చు, వాక్యం నిలబడింది, కాబట్టి అడ్జెక్టివ్. ‘షి లుక్డ్ హ్యాపిలీ ఎట్ ది చైల్డ్’లో ‘వాజ్’ పెడితే వాక్యం కూలిపోతుంది. అక్కడ చూడటం నిజంగా పనే, అందుకని ఆడ్‌వెర్బ్. ‘గోడకి తెల్లగా సున్నం వేశారు’ అన్నప్పుడు కూడా ‘వైట్లీ’ రాదు, ‘దె పెయింటెడ్ ది వాల్ వైట్’. తెల్లబడింది గోడ, వేయడం కాదు. ‘టీచరుగా పనిచేస్తున్నాడు’లో ‘గా’కి ‘యాజ్ ఎ టీచర్’ అని వస్తుంది. ఒకే ‘గా’ ఇన్ని వేషాలు వేస్తుంది.

తెలుగులో మరో సంపద ఉంది, జంటమాటలు. గబగబా, చకచకా, తళతళా, గలగలా, పకపకా. ఇవన్నీ క్రియావిశేషణాలే, ఇంగ్లీషులోకి వెళ్తే చాలావరకు కరిగి క్రియలోనే కలిసిపోతాయి. ‘తళతళా మెరిసింది’ అంటే ‘గ్లిటర్డ్’, ఒక్క మాటే. ‘గబగబా వెళ్ళాడు’ అంటే ‘హరీడ్’. ‘గుసగుసగా చెప్పాడు’ అంటే ‘విస్పర్డ్’. తెలుగు వాక్యంలో ఆడ్‌వెర్బ్ ఉందని ఇంగ్లీషులోనూ ఒకటి వెతుక్కుని పెడితే ‘స్పోక్ విస్పరింగ్లీ’ లాంటి వింతలు పుడతాయి. అనువాదం పేపర్లో మార్కులు జారిపోయే చోటు ఇది. దీనికి సూత్రం లేదు, మంచి క్రియలు ఎక్కువ నేర్చుకోవడమే దారి.

ఆడ్‌వెర్బులను ఏ వరసలో పెట్టాలన్నది అన్నిటికంటే అందమైన పాఠం. ఇంగ్లీషులో క్రియ తర్వాత ఎలా, ఎక్కడ, ఎప్పుడు అన్న వరస నడుస్తుంది. ‘ది లాంచ్ మూవ్డ్ స్లోలీ ఎట్ ది జెట్టీ ఎస్టర్డే.’ తెలుగులో ‘నిన్న రేవులో లాంచీ నెమ్మదిగా కదిలింది’. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఆ తర్వాత క్రియ. కాలవ నీళ్ళలో గట్టుమీది కొబ్బరిచెట్టు తలకిందులుగా కనబడ్డట్టు, ఒకదాని వరసకి రెండోది నీడ. తెలుగు వాక్యాన్ని క్రియనుంచి వెనక్కి చదివితే ఇంగ్లీషు వరస వచ్చేస్తుంది.

వెళ్ళడం, రావడం లాంటి క్రియలకి ‘ఎలా’ కంటే ‘ఎక్కడికి’ ముందొస్తుందని పుస్తకాలు వేరే సూత్రం రాస్తాయి. ‘హీ వెంట్ టు అమలాపురం బై బస్ ఎస్టర్డే.’ తెలుగు చెవికి ఆ సూత్రం విడిగా అక్కర్లేదు. ‘నిన్న బస్సులో అమలాపురం వెళ్ళాడు’, వెనక్కి చదవండి: వెళ్ళాడు, అమలాపురం, బస్సులో, నిన్న. అదే వరస. ‘సోమవారం పొద్దున్న ఆరింటికి’ అన్నది ‘ఎట్ సిక్స్ ఇన్ ది మార్నింగ్ ఆన్ మండే’ అవుతుంది, చిన్న సమయం ముందు, పెద్దది తర్వాత. ‘1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది’ని ‘ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఎట్ ధవళేశ్వరం ఇన్ 1852’ అనాలి. కాటన్ దొర ఆనకట్ట తేదీ సోషల్ పరీక్షకీ పనికొస్తుంది, ఆడ్‌వెర్బ్ ఫ్రేజుల వరసకీ పనికొస్తుంది.

ఈ నీడ పద్ధతి రెండు చోట్ల తప్పుతుంది. మొదటిది, ఎంత తరచుగా అని చెప్పేవి. ఆల్వేస్, నెవర్, ఆఫెన్, యూజువల్లీ, సెల్డమ్. తెలుగులో ‘ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడు’ అంటాం కదా అని ‘ఆల్వేస్ హీ కమ్స్ లేట్’ అని రాస్తారు. వీటి స్థానం అసలు క్రియకి ముందు: ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’. ‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’ ఉంటే వాటి తర్వాత: ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’. సాయం చేసే క్రియ ఉంటే దానికీ అసలు క్రియకీ మధ్య: ‘హీ హాజ్ నెవర్ సీన్ ది సీ’. రెండు సాయం క్రియలుంటే మొదటిదాని తర్వాత. ‘యూజువల్లీ’, ‘సమ్‌టైమ్స్’ వాక్యం మొదట్లోనూ నిలుస్తాయి. ‘ఆల్వేస్’ మాత్రం ‘ఆల్వేస్ టెల్ ది ట్రూత్’ లాంటి ఆజ్ఞల్లోనే మొదట కనిపిస్తుంది. అక్కడ సబ్జెక్టు పైకి లేదు కాబట్టి, నిజానికి అది క్రియ ముందే ఉంది.

రెండోది ఆబ్జెక్టు. ఇంగ్లీషు క్రియకీ దాని ఆబ్జెక్టుకీ మధ్య ఆడ్‌వెర్బ్‌ని మామూలుగా దూరనివ్వదు. ‘హీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ తప్పు, ‘హీ స్పీక్స్ ఇంగ్లీష్ వెల్’ ఒప్పు. ‘వెరీ మచ్’ కూడా చివరికే: ‘ఐ లైక్ మాంగోస్ వెరీ మచ్’.

‘ఇంటికి’లోని ‘కి’ ఇంకో పొరపాటుకి మూలం. ‘ఐ వెంట్ టు హోమ్’. ‘వెంట్ హోమ్’లో హోమ్ నౌన్ కాదు, ఎక్కడికి అన్నదానికి జవాబుగా నిలిచిన ఆడ్‌వెర్బ్. దాని ముందు ప్రిపొజిషన్ అక్కర్లేదు. హియర్, దేర్, అబ్రాడ్ కూడా అంతే. ‘టు మై హోమ్’ అన్నప్పుడు నౌన్ అయింది కాబట్టి ‘టు’ వచ్చింది. ‘లాస్ట్ సండే’, ‘నెక్స్ట్ వీక్’లకి కూడా ముందు ‘ఆన్’, ‘ఇన్’ తగిలించకూడదు.

డౌన్, అప్, ఇన్, ఆఫ్ లాంటి చిన్నమాటలను చూడగానే ప్రిపొజిషన్ అనేయడం అలవాటు. తర్వాత నౌన్ ఉందో లేదో చూడాలి. ‘ది కోకొనట్ ఫెల్ డౌన్’లో డౌన్ తర్వాత ఏమీ లేదు, ఆడ్‌వెర్బ్. ‘ది మ్యాన్ కేమ్ డౌన్ ది ట్రీ’లో చెట్టుంది, ప్రిపొజిషన్. దింపు రోజున తోటలో నిలబడి చెప్పినట్టుండే ఈ రెండు వాక్యాలూ చాలు.

వెరీకీ టూకీ తేడా ఎక్కువసేపు పట్టదు కాని, దాన్ని దాటేసిన వాళ్ళు పెద్దయ్యాక కూడా ‘ఐ యామ్ టూ హ్యాపీ’ అంటూనే ఉంటారు. ‘టూ’లో మితిమీరడం ఉంది, దానివల్ల ఏదో ఆగిపోయింది. ‘ది రివర్ ఈజ్ టూ డీప్ టు క్రాస్’ అంటే దాటలేనంత లోతు. దీన్నే ‘సో డీప్ దట్ వి కెనాట్ క్రాస్ ఇట్’ అని మార్చి రాయమనడం పదో తరగతిలో పాత ప్రశ్న. ‘ఎనఫ్’ మాత్రం అడ్జెక్టివ్ వెనక నడుస్తుంది, ‘డీప్ ఎనఫ్’. నౌన్‌కి ముందొస్తే, ‘ఎనఫ్ వాటర్’ అన్నట్టు, అది ఆడ్‌వెర్బ్ కాదు.

అలాంటిదే ‘హార్డ్లీ’ ప్రశ్న. ‘హార్డ్లీ హాడ్ ది బస్ లెఫ్ట్ వెన్ ది రెయిన్ బిగాన్.’ లేదనే అర్థం ఇచ్చే ఆడ్‌వెర్బ్ వాక్యం మొదటికి వస్తే సాయం క్రియ సబ్జెక్టుకి ముందుకి దూకుతుంది. ‘నెవర్ హావ్ ఐ సీన్’ కూడా అంతే. ‘హార్డ్లీ’కి జత ‘వెన్’, ‘నో సూనర్’కి జత ‘దాన్’. ‘సూనర్’ కంపారిటివ్ కాబట్టి ‘దాన్’ అని కారణం చెబితే ఇక మర్చిపోరు. ‘హార్డ్లీ’లోనే లేదనడం ఉంది కాబట్టి అదే వాక్యంలో ‘నాట్’ మళ్ళీ పెట్టకూడదు.

చివరగా ‘ఓన్లీ’. చోటు మారితే అర్థం మారిపోయే ఆడ్‌వెర్బ్. వాక్యం ఇది: ‘రాము సోల్డ్ ఫోర్ బ్యాగ్స్ టు ది మిల్లర్.’ ‘ఓన్లీ’ని రాము ముందు పెడితే ఇంకెవరూ అమ్మలేదు. ‘ఫోర్ బ్యాగ్స్’ ముందు పెడితే నాలుగు బస్తాలే, అయిదోది అమ్మలేదు. ‘టు ది మిల్లర్’ ముందు పెడితే మిల్లుకే, దళారీకి ఇవ్వలేదు. మాట్లాడేటప్పుడు ఏ మాట మీద ఒత్తు పెట్టామో దాన్నిబట్టి తెలిసిపోతుంది కాబట్టి ‘రాము ఓన్లీ సోల్డ్’ అన్నా జరిగిపోతుంది. కాగితం మీద ఒత్తు కనబడదు. అందుకని రాసేటప్పుడు ‘ఓన్లీ’ ఏ మాట కోసం వచ్చిందో సరిగ్గా ఆ మాట ముందే ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే, ఈ బస్తాల వాక్యమే ఇచ్చి ‘ఓన్లీ’ని ఒక్కో చోట పెట్టించి, ప్రతిసారీ తెలుగులో అర్థం చెప్పమనండి.